చెంప మీద చుక్కల ముగ్గు

పట్టిసీమ,
24 ఫిబ్రవరి 2026, మంగళవారం.

లోవా,

పొద్దున్న లేచి చూసేసరికి మన గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. ఎవరికి అమ్మవారు పోసిందా అని చుట్టూ చూశాను. ఇంట్లో ఉన్నది ఇద్దరం, మీ అమ్మమ్మా నేనూ. మీ అమ్మమ్మ గడప అవతల నిలబడి నాకేసి దణ్ణం పెడుతోంది. ముప్పై మూడేళ్ళలో ఆవిడ నాకు చేతులు జోడించడం ఇదే మొదలు. అప్పుడు అర్థమైంది, పోసింది నాకేనని.

తప్పంతా తువ్వాలుది. ఆదివారం నువ్వు నన్ను ఆ చర్మం డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళావు కదా, ఇంట్లో మాత్రం పడవ ఇంజనుకి పంపు కొనడానికి వెళ్ళానని చెప్పాను. వచ్చినప్పటి నుంచి ముఖానికి తువ్వాలు కప్పుకుని తలనొప్పి అంటున్నాను. రాత్రి నిద్రలో అది జారిపోయింది. ముఖమంతా ఎర్రగా, సన్నసన్న చుక్కలతో పడుకున్న కొడుకుని చూసి ఏ తల్లైనా ఏమనుకుంటుంది. తొమ్మిదేళ్ళప్పుడు ఆటలమ్మ పోసి ఈ గుంటలు పడ్డాయి. మళ్ళీ వచ్చిందనుకుంది.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. 'అమ్మ ఒంటి మీద ఉండగా మాట్లాడకు నాయనా' అంది. నాయనా అంది. నాకు భయం వేసింది.

అసలు చిక్కు వచ్చే బుధవారం. మార్చి నాలుగున గూటాల ఊరి హైమతో తాంబూలాలు. ఇంట్లో అమ్మవారు ఉంటే తాంబూలాలు ఉండవు. ఈ సంబంధం తప్పితే నాకు ఇంకోటి వద్దు. పెళ్ళిచూపుల్లో ఆ పిల్ల నా గుంటల్ని చూడకుండా నా కళ్ళలోకి చూసింది. అందుకే నాకు సిగ్గేసి ఈ పని చేశాను.

నా ఫోను మీ అమ్మమ్మ లాక్కుంది, ఆ వెలుతురు అమ్మకి పడదట. నీ ఫోను పరీక్షలని మీ వార్డెను బీరువాలో ఉంది. అందుకే చిట్టియ్య చేపల వ్యానులో ఈ ఉత్తరం పంపుతున్నాను. రోజూ పొద్దున్న రాజమండ్రి వచ్చి మధ్యాహ్నానికి తిరిగొస్తాడు.

ఆ మిషను నా ముఖాన్ని ఏం చేసిందో నాకే సరిగ్గా తెలియదు. కళ్ళ మీద మూతలు పెట్టేశారు. నువ్వు పక్కన కూర్చుని డాక్టరు గారు చెప్పిందంతా రాసుకున్నావు. అది రాసి పంపు. మీ అమ్మమ్మకి చదివి వినిపిస్తాను.

వేపాకుల మంచం మీద నుంచి,
మీ మావ ప్రసన్నకుమార్

---

రాజమహేంద్రవరం,
25 ఫిబ్రవరి 2026, బుధవారం.

వేపమండల నడుమ వెలుగొందుచున్న మావయ్యకు,

నీ ఉత్తరం క్లాసులోనే విప్పాను. రొయ్యల వాసనకి ముందు బెంచీ వాళ్ళు కిటికీలు తెరిచారు. తెలుగు మేడం 'ఏంటమ్మా లోవలక్ష్మీ అది' అంటే 'లేఖ అండి' అన్నాను. ఆవిడ సంతోషించారు. ఈ రోజుల్లో ఉత్తరం రాసేవాళ్ళు ఇంకా ఉన్నారని క్లాసంతటికీ చెప్పారు. కిటికీలు మాత్రం మూయనివ్వలేదు.

నువ్వు అడిగిన విషయాన్ని నాలుగుసార్లు తిరగరాశాను. ఇంత మంచి విషయం నాకు ఇదివరకు దొరకలేదు. డాక్టరు శరత్‌చంద్ర గారు చెప్పిన దానిలో ఒక్క ముక్క వదలలేదు, అందం కోసం కొంచెం సర్దానంతే. అమ్మమ్మకి నెమ్మదిగా, ఆగి ఆగి చదువు.

'ఆదివారం నాడు కంటికి కనబడని వెలుగొకటి ముఖము మీదికి దిగింది. అది బొగ్గుపులుసు వాయువు కడుపున పుట్టిన వెలుగు. నీరున్న చోటును వెతుక్కుని కాల్చే వెలుగు. అది వెంట్రుక కన్న సన్నని బావులను వరసలు వరసలుగా తవ్వింది. అయినా బావికీ బావికీ నడుమ నేలను ముట్టలేదు. ముట్టని నేలయే ముట్టిన నేలను బతికించును. వారము తిరిగేసరికి పాతది పొట్టువలె రాలును. మూడు నెలలలో లోపలి నేల పొంగి గుంటలన్నిటినీ నింపును. ఒక్కసారితో తీరదు. ఆ వెలుగు మరల మరల వచ్చును.'

ఎలా ఉంది? 'ముట్టని నేలయే' దగ్గర నాకే ఒళ్ళు జలదరించింది.

ఇక జాగ్రత్తలు. గదిలోనే ఉండాలి. ఎండ తగలకూడదు. గోళ్ళతో గిల్లకూడదు. చల్లని మెత్తని గుడ్డ అద్దుకోవాలి. డాక్టరు గారిచ్చిన తెల్ల మందు పల్చగా రాసుకోవాలి. రుద్దడం, పసుపులూ పసర్లూ పెట్టడం అసలు కుదరదు.

అన్నట్టు, ఆసుపత్రిలో నీ పక్క కుర్చీ అమ్మాయి గుర్తుందా? నీకు గుర్తుండదు. మొద్దుబారే క్రీము పట్టించి, పైన ప్లాస్టిక్ కాగితం అతికించి మిమ్మల్నిద్దరినీ ముప్పావుగంట కూర్చోబెట్టారు. నువ్వు గోడకేసి తిరిగి కూర్చున్నావు. ఇద్దరూ వెన్న పూసిన బొమ్మల్లా ఉన్నారు. ఆ అమ్మాయికి మొటిమల గుంటలట. ఇంట్లో కుట్టు క్లాసని చెప్పి వచ్చిందట. నాలుగో తారీఖుకి తగ్గిపోతుందా అని డాక్టరు గారిని మూడుసార్లు అడిగింది. నీదీ అదే తేదీ కదా, ఆ రోజు ముహూర్తం ఎంత బాగుందో అనుకున్నాను. నాకు రెండు నిమ్మబిళ్ళలు ఇచ్చింది. చాలా మంచి పిల్ల. నీకు ముందే సంబంధం కుదరకపోతే ఆలోచించేదాన్ని.

పదముల ప్రేమలో పడిన నీ మేనకోడలు,
లోవలక్ష్మి

---

పట్టిసీమ,
26 ఫిబ్రవరి 2026, గురువారం.

లోవా,

నీ ఉత్తరం చదివాను. ఊరు ఊరంతా ఇప్పుడు మన అరుగు మీద ఉంది.

మొదటి నుంచి చెప్తాను. నిన్న పొద్దున్న ఎదురింటి రత్తమ్మ నన్ను చూడటానికి వచ్చింది. గుడ్డిదీపం నా చెంప దగ్గర పెట్టి చాలాసేపు చూసింది. 'ఇదేంటే నూకరత్నం, అమ్మ ఈసారి వరసపెట్టి పోసింది' అని మీ అమ్మమ్మతో అంది. నిజమే, ఆ మిషను గళ్ళ కాగితం మీద పెట్టినట్టు పెట్టింది చుక్కల్ని. రత్తమ్మ వెళ్ళి ఇంకో నలుగురిని తెచ్చింది. అందరూ నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పారు. అమ్మ ముగ్గు కోరుతోందని తేల్చారు. అవి సరి చుక్కలా, సందు చుక్కలా అని తగువు పడింది. సరి చుక్కలన్నవాళ్ళు కుడి చెంప చూపించారు, సందు చుక్కలన్నవాళ్ళు ఎడమ చెంప. రాజీకి గుడి ముందు రెండు ముగ్గులు పెట్టారు. మధ్యలో ఖాళీ ఉంచారు, అది నా ముక్కట.

అలాంటి సమయంలో చిట్టియ్య నీ ఉత్తరం తెచ్చాడు. అమ్మకి నిజం తెలియాలి కదా అని పైకి చదివాను. 'కంటికి కనబడని వెలుగొకటి' దగ్గర అరుగు మీద మాటలు ఆగిపోయాయి. 'కాల్చే వెలుగు' దగ్గర మీ అమ్మమ్మ కర్పూరం వెలిగించింది. నేను ఆపేసి 'అమ్మా, ఇది లోవ రాసింది' అన్నాను.

'అమ్మ ఎవరి చేత రాయిస్తే మనకేంట్రా' అంది.

'మిషను గురించమ్మా.'

'చదువు నాయనా. ఆగకు.'

ఆగితే అరిష్టం అన్నట్టు చూస్తున్నారు. చదివాను. 'మూడు నెలలలో లోపలి నేల పొంగి' అన్నానో లేదో వీరాస్వామి లేచి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి తన గేదెలన్నిటినీ ఏటిగట్టు మీదికి తోలేశాడు. గోదారి పొంగుతుందని అమ్మ ముందే చెప్పిందట. రత్తమ్మ బియ్యం డబ్బాలు అటక ఎక్కించింది. ఆవిడకి ఒక్కటే అనుమానం మిగిలింది, బొగ్గుపులుసు నైవేద్యం ఎలా వండాలని. నన్నే అడిగింది. తెలియదన్నాను. అమ్మ పరీక్ష పెడుతోందని వెళ్ళిపోయింది.

విచిత్రం ఏంటంటే, నీ జాగ్రత్తలన్నీ మీ అమ్మమ్మ ముందే పాటిస్తోంది. చీకటి గది, గిల్లకపోవడం, చల్లని గుడ్డ. డాక్టరు గారికీ ఆవిడకీ ఒక్కచోటే తేడా. ఆదివారం పొద్దున్న నాకు నీళ్ళు పోస్తారు. ముందు వేపాకూ పచ్చిపసుపూ కలిపి నూరి ముఖానికి పట్టించి రుద్దుతారు. రత్తమ్మ అప్పుడే రోలు కడిగి పెట్టింది.

గూటాలకి కబురు వెళ్ళింది, తాంబూలాలు ఆపమని. జవాబు రాలేదు. హైమ ఏమనుకుంటుందో.

ఈసారి మామూలుగా రాయి లోవా. దణ్ణం పెడతాను. నా దణ్ణానికి ప్రస్తుతం ఊళ్ళో విలువ ఉంది.

మీ మావ

---

రాజమహేంద్రవరం,
27 ఫిబ్రవరి 2026, శుక్రవారం.

మావయ్యా,

నా వాక్యానికి గేదెలు కదిలాయా? నిజంగా? ఎన్ని... వద్దులే, చెప్పకు. ముందు గర్వం వచ్చింది, తరవాత సిగ్గు వచ్చింది. గర్వం ఎక్కువసేపు ఉంది, దాచను.

వార్డెను ఫోను అడిగి శరత్‌చంద్ర గారికి చేశాను. ఆయన పూర్తిగా విన్నారు. ముగ్గు మాట దగ్గర ఒకసారి లైను కట్ అయింది, మళ్ళీ ఆయనే చేశారు. ఆదివారానికి కూడా కొత్త చర్మం లేతగానే ఉంటుందట. దాని మీద పసుపూ వేపాకూ వేసి రుద్దితే మండి పుండు పడుతుంది. మన రంగు చర్మం మీద పుండు మానినా నల్లటి మరకలు నెలల తరబడి ఉండిపోతాయి. పాత గుంటల కోసం వెళ్ళి కొత్త మచ్చలు తెచ్చుకున్నట్టవుతుంది. కాబట్టి ఆదివారం లోపల అమ్మమ్మకి తెలియాలి.

మామూలుగా రాయడం ఇంత కష్టమని నాకు తెలియదు. ఒక్కో వాక్యంలో ఎంత బాగున్న మాటని అంత ముందు కొట్టేశాను. కింద ఉన్నది అమ్మమ్మ ఒక్కదానికే చదువు. అరుగు మీద కాదు.

'అమ్మమ్మా, మావయ్యకి అమ్మవారు పోయలేదు. ఆదివారం నాతో ఆసుపత్రికి వచ్చాడు. పాత గుంటలు తగ్గడానికి లేజరు చేయించుకున్నాడు. ఆ మిషను ముఖమంతా కాల్చదు. చుక్కలు చుక్కలుగా కాలుస్తుంది. మధ్యమధ్య చర్మాన్ని బాగానే వదిలేస్తుంది. నువ్వు చిరిగిన వల బాగు చేసేటప్పుడు మొత్తం కోసెయ్యవు. గట్టి దారం ఉన్నచోటి నుంచి అల్లుకొస్తావు. చర్మం కూడా బాగున్నచోటి నుంచి అల్లుకొస్తుంది. పైచర్మం వారంలో మానుతుంది, లోపల కొత్త చర్మం నిండటానికి నెలలు పడుతుంది. ఇంకా కొన్నిసార్లు చేయించుకోవాలి. అప్పుడైనా గుంటలు తగ్గుతాయి గాని పూర్తిగా పోవు. పసుపు రుద్దకు. నీకు అబద్ధం చెప్పించినందుకు నన్ను తిట్టు, మావయ్యని కాదు. లోవ.'

వల సంగతి ఉపమానం కింద లెక్కవెయ్యకు. అమ్మమ్మకి అది పని.

కొట్టేసిన మాటలన్నీ వేరే కాగితం మీద దాచుకున్న,
లోవ

---

పట్టిసీమ,
28 ఫిబ్రవరి 2026, శనివారం, పొద్దున్న.

లోవా,

నీ ఉత్తరం అందింది. బాగుంది. మీ అమ్మమ్మకి చదవలేదు. నిన్న మధ్యాహ్నం వరకూ ధైర్యం ఉంది. సాయంత్రం గూటాల నుంచి మనిషి వచ్చాడు, ధైర్యం పోయింది.

హైమకి కూడా అమ్మవారు పోసింది.

అదీ నాలాగే, వరసలు కట్టి. చెంపల మీద మాత్రమే. ఆదివారం కుట్టు క్లాసుకని రాజమండ్రి వెళ్ళి వచ్చిందట, మర్నాటికి ముఖం ఎర్రబడిందట. వాళ్ళ గుమ్మానికీ వేపమండలు కట్టారు. వాళ్ళ ఊళ్ళో కూడా ముగ్గులు పెట్టారు. ఆ వచ్చిన మనిషి మన గుడి ముందు ముగ్గులు చూసి అక్కడే చతికిలబడ్డాడు. వాళ్ళవీ మనవీ ఒకటేనట.

ఊళ్ళో ఆనందం చెప్పలేను. పెద్దలు కూర్చుని ఇది అమ్మే కుదిర్చిన సంబంధం అన్నారు. తాంబూలాలు ఆపొద్దు అన్నారు. రేపు పొద్దున్న ఒకే వేళకి ఇద్దరికీ రెండు ఊళ్ళలో నీళ్ళు పోయాలని తీర్మానం. డప్పులు మాట్లాడారు.

అందరికీ పండగ, నాకు తప్ప. నాకు ఒక్కటే అర్థమవుతోంది. నాది దొంగ అమ్మవారు. ఆ పిల్లది నిజం. అమ్మ ఇచ్చిన మచ్చల్ని నేను డబ్బిచ్చి తీయించుకుంటే, ఆవిడ నా మీద కోపం ఆ పిల్ల మీద చూపించింది. ముఖం వంక చూడకుండా కళ్ళలోకి చూసిన పిల్ల ముఖం మీదే చూపించింది. నిన్నటి నుంచి అన్నం సయించడం లేదు. అది కూడా మహిమ కింద రాసుకున్నారు.

ఈ మధ్యాహ్నం గూటాల వెళ్ళి ఆ పిల్ల తండ్రి కాళ్ళ మీద పడి, సంబంధం వద్దని చెప్పేస్తాను. నా నీడ పడకపోతే ఆమెకి తగ్గుతుందేమో.

చిట్టియ్య హారను కొడుతున్నాడు.

మీ మావ

---

రాజమహేంద్రవరం,
28 ఫిబ్రవరి, శనివారం, పది గంటలు.

మావయ్యా,

వెళ్ళకు. పడవ విప్పకు. చిట్టియ్య బాబాయిని గేటు దగ్గర నిలబెట్టి రాస్తున్నాను, ఐసు కరిగిపోతోందని తిడుతున్నాడు.

కుట్టు క్లాసు. నిమ్మబిళ్ళల అమ్మాయి. నాలుగో తారీఖు. నా బుధవారం ఉత్తరం మళ్ళీ చదువు.

ఏ అమ్మవారూ గళ్ళ కాగితం మీద కొలిచి పోయదు. ఆమెది కూడా లేజరే. ముప్పావుగంట మీరిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నువ్వు గోడకేసి, ఆమె తలుపుకేసి. క్రీము మందంగా పట్టించారు కాబట్టి ఎవరు ఎవరో తెలియలేదు. నేను పెళ్ళిచూపులకి రాలేదు కాబట్టి నాకూ తెలియలేదు. నువ్వు ఆమెని చూసి సిగ్గుపడి చేశావు. ఆమె నిన్ను చూసి సిగ్గుపడి చేసింది.

ఆమెకీ రేపు పొద్దున్న పసుపు రుద్దుతారు. ఆమెకి ఒక లోవ లేదు, ఎవరితోనూ చెప్పుకోలేదు. నీ గదిలాంటి గదిలో కూర్చుని భయపడుతూ ఉంటుంది.

అమ్మమ్మకి ఇప్పుడే చెప్పు.

లోవ

---

పట్టిసీమ,
28 ఫిబ్రవరి, శనివారం, సాయంత్రం.

లోవా,

ఐసు కోసం చిట్టియ్య మళ్ళీ బయలుదేరుతున్నాడు, అతని చేతికే ఇస్తున్నాను.

చెప్పాను. నీ మామూలు ఉత్తరం చదివాను. మీ అమ్మమ్మ పెరట్లో వల బాగు చేస్తోంది. చదవడం అయ్యాక కూడా చేస్తూనే ఉంది.

'పంపు కోసమని చెప్పావు' అంది.

'చెప్పాను.'

'పంపు ఏదని నేనూ అడగలేదు. నాదీ బుద్ధితక్కువే.' దారం పళ్ళతో తెంపింది. 'ఆ మచ్చలంటే అంత రోతట్రా నీకు?'

'లాంచీలో మైకు పట్టుకుని అవిగో పాపికొండలు అంటాను. పిల్లలు కొండలు చూడరమ్మా, నన్ను చూస్తారు.'

'నేనూ నిన్నే చూస్తాను' అంది. వలకి ఇంకో ముడి వేసింది. 'తొమ్మిదేళ్ళప్పుడు నువ్వు కళ్ళు తెరవలేదు. పిల్లాణ్ణి నాకు ఇచ్చెయ్యి, ముఖం నువ్వు తీసుకో అని అమ్మతో బేరమాడాను. ఆవిడ మాట నిలబెట్టుకుంది. ఇప్పుడు ముఖం కూడా వెనక్కి లాక్కుంటే బాగుంటుందా?'

నీ ఉత్తరంలో ఆ వాక్యమే మళ్ళీ చదివాను, గుంటలు తగ్గుతాయి గాని పూర్తిగా పోవు అన్నది. ఇంకోసారి చదవమంది. చదివాను. లేచి వచ్చి నా గడ్డం పట్టుకుని, రత్తమ్మలా కాదు, చిన్నప్పుడు పట్టుకున్నట్టు పట్టుకుని, ఎడమ చెవి పక్క లోతు గుంట మీద వేలు పెట్టింది.

'దీన్ని ఆ మిషనుకి చూపించకు. ఇది అమ్మకి ఉంచు.'

సరేనన్నాను. డాక్టరు గారికి నువ్వే చెప్పాలి. ముఖం మొత్తంలో ఒక గుంట మిగల్చమంటే ఆయన ఏమంటారో.

తరవాత హైమ సంగతి చెప్పాను. మీ అమ్మమ్మ నవ్వడం మొదలుపెట్టి, వల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అరుగు మీద వాళ్ళు అమ్మ పూనిందని దణ్ణాలు పెట్టారు.

'ఊరికి చెప్పెయ్యనా' అన్నాను.

'ఆ పిల్ల గుట్టు కూడా బయట పెడతావా? ఊరుకో. గేదెల్ని వానాకాలానికి ఎలాగూ గట్టు ఎక్కించాలి. నాలుగు నెలలు ముందు ఎక్కాయి.'

ఇక రేపటి సంగతి. అరుగు మీదికి వెళ్ళి మీ అమ్మమ్మ చెప్పేసింది, కాబోయే కోడలికి మొదటి నీళ్ళు అత్తే పోయాలని అమ్మ ఆజ్ఞ అని. పసుపు వద్దు, రోలు వద్దు, ఒట్టి గోరువెచ్చని నీళ్ళు, అవీ మెడ కిందికే. నాకూ అలాగేనట. అమ్మ ఎప్పుడు చెప్పిందని రత్తమ్మ అడిగితే, 'ఇందాక నవ్వినప్పుడు' అంది.

మేము తెల్లవారకముందే పడవలో గూటాల వెళ్తాం. డప్పులు రాకముందే గుమ్మం దగ్గర ఉండాలి. నువ్వు వార్డెనుని అడిగి చిట్టియ్య వ్యానులో వచ్చి గూటాల రేవులో దిగు. తెల్ల మందు రెండు ట్యూబులు తీసుకురా, ఆ పిల్లది అయిపోయి ఉంటుంది. ముందు నువ్వే లోపలికి వెళ్ళు. నిన్ను చూస్తే గుర్తుపట్టి భయం తీరుతుంది. నేను పడవలోనే కూర్చుంటాను.

లేదు, నేనూ వస్తాను. తువ్వాలు కప్పుకోను. గొడుగు మాత్రం వేసుకుంటాను, ఎండ తగలకూడదు కదా. రేవులో పొద్దు పొడవకముందే గొడుగు వేసుకుని నిలబడ్డ మనిషి కనిపిస్తే అది నేనే. నిమ్మబిళ్ళలు కూడా కొనుక్కురా.

మీ మావ